పాఠకుల ప్రశ్నలు: బ్రెజిల్ లయ, జాజ్ స్వరం

ప్రశ్న: అమెరికన్ జాజ్ గాయని, బాసిస్ట్ ఎస్పరాంజా స్పాల్డింగ్, బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నాసిమెంటో కలిసి చేసిన 2024 ఆల్బమ్ ‘మిల్టన్ ప్లస్ ఎస్పరాంజా’ విన్నాను. బ్రెజిల్ సంగీతం అంటే బోసా నోవా అనుకున్నాను. ఇందులో అది పెద్దగా వినిపించలేదేం?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: సాంబా లయకు జాజ్ కలిసిన బోసా నోవా 1950ల చివర్లో రియోలో పుట్టింది. నాసిమెంటో పుట్టిందీ రియోలోనే, కానీ పెరిగింది మీనాస్ జెరైస్ రాష్ట్రంలో. అక్కడి చర్చి పాట, జానపదం, రాక్ కలిసిన బాణీ ఆయనది. జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు వేన్ షార్టర్ నాసిమెంటోతో కలిసి 1975లో తెచ్చిన ఆల్బమ్ ‘నేటివ్ డాన్సర్’ మొదటి పాట, నాసిమెంటో బాణీ ‘పొంటా డి అరేయా’ వినండి. స్పాల్డింగ్ 2008 ఆల్బమ్ మొదలయ్యేదీ ఆ పాటతోనే. ఈ రెండూ విన్నాక కొత్త ఆల్బమ్‌కి రండి. ఎనభై దాటిన నాసిమెంటో గొంతు సన్నబడింది, నిజమే. ఆ సన్నదనాన్ని కప్పిపుచ్చకుండా స్పాల్డింగ్ పక్కన నిలబడి పాడటమే ఈ ఆల్బమ్ గొప్పతనం.

ప్రశ్న: బోసా నోవా గిటార్ నేర్చుకుంటున్నాను. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) సరిగ్గానే పడుతున్నాయి, అయినా సినిమా పాటకు స్ట్రమ్మింగ్ చేసినట్టే, తీగలన్నీ ఒక్కసారిగా గీరినట్టే ఉంటోంది. తప్పెక్కడ?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: కుడిచేతిలో. ముందు పిక్ (తీగలు మీటే బిళ్ల) పక్కన పెట్టండి. బొటనవేలు బేస్ తీగను, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు ఒక్కో తీగ చొప్పున మూడు తీగలను మీటాలి. ‘తకధిమి’ని నాలుగుసార్లు అనుకోండి, మొత్తం 16 అక్షరాలు. ప్రతి ‘త’ మీద బొటనవేలు. మూడు వేళ్లూ కలిసి 1, 4, 7, 11, 14 అక్షరాల మీద, అంటే మొదటి తకధిమిలో ‘త’, ‘మి’, రెండు, మూడింటిలో ‘ధి’, నాలుగోదానిలో ‘క’. నిమిషానికి 60 ‘త’ల వేగంతో మొదలుపెట్టండి. చాలామందికి 11 దగ్గర తప్పుతుంది: వేళ్లు బొటనవేలితో పాటు 9 మీదే పడిపోతాయి. అలా పడితే గిటార్ ఆపి, చేత్తో ‘త’లు కొడుతూ ఆ అయిదు అక్షరాలను నోటితో అనండి. జాజ్ అలవాటున్నవాళ్లు ఇక్కడ స్వింగ్ చేస్తారు, అంటే అక్షరాలను ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా నడుపుతారు. వద్దు, 16 అక్షరాలూ సమానంగా నడవాలి.

ఎడమచేతికి ఈ నాలుగు కార్డ్స్ చాలు. 6 (అన్నిటికన్నా లావైన బేస్ తీగ), 4, 3, 2 తీగల మీద ఫ్రెట్లు (మెట్లు) వరుసగా: ఎఫ్ మేజర్ 7కి 1, 2, 2, 1, జి7కి 3, 3, 4, 3, జి మైనర్ 7కి 3, 3, 3, 3, జి ఫ్లాట్ 7కి 2, 2, 3, 2. మళ్లీ ఎఫ్‌కి రండి. 1, 5 తీగలు మోగకూడదు. జి7 నుంచి జి మైనర్ 7కి మారేటప్పుడు ఒక్క మూడో తీగే కదులుతుంది. ఆ తర్వాత అది ఆగుతుంది, మిగతావి ఒక్కో ఫ్రెట్ దిగుతాయి. ఈ జారుడులోనే ఉంది అందం.

స్టీల్ తీగలైతే నాదం పొడుగ్గా సాగి లయను కప్పేస్తుంది. నైలాన్ తీగల గిటార్ మేలు. లేకపోతే మీటిన వెంటనే ఎడమచేతి ఒత్తిడి కొంచెం వదలండి, వేళ్లు మాత్రం తీగ మీంచి లేపకుండా.