నాన్నకు ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉంటే పిల్లలకు వస్తుందా?

మీ నాన్నగారికి సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ వచ్చి, రిపోర్టులో 9, 22 క్రోమోజోముల (కణంలో జన్యువులుండే పోగుల) మధ్య మార్పు జరిగిందని, అంటే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉందని రాసి ఉన్నందున అది మీకూ మీ బిడ్డకూ వస్తుందా అని, ముందుజాగ్రత్తగా క్రోమోజోమ్ కొసలను కొలిచే టెలోమియర్ పరీక్ష చేయించుకోవాలా అని అడిగారు. రాదు, ఆ పరీక్షా అక్కరలేదు. ఇంత గట్టిగా చెప్పగలగడానికి కారణం, ఇదే సందేహం మా ఇంట్లో ఒక పెళ్లి సంబంధాన్ని దాదాపుగా చెడగొట్టడం.

అమలాపురం దగ్గర కొబ్బరి తోట ఉన్న మా మేనమామకు ఇదే జబ్బు. కూతురి తాంబూలాల నాడు, దాచి పెళ్లి చేయడం ఇష్టం లేక, ఆయనే ఫైలు తెచ్చి పెళ్లికొడుకు తండ్రి చేతిలో పెట్టారు. ఆ వియ్యంకుడు కళ్లజోడు సర్దుకుని చదివి, "బావగారూ, మీరు ఫిలడెల్ఫియా ఎప్పుడు వెళ్లొచ్చారు?" అన్నారు. అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. ఆ ఊళ్లో 1960లో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ రోగుల కణాల్లో కురచైన 22వ క్రోమోజోమును గుర్తించారని, తెగిన ముక్క 9వ దానికి అతుక్కుందని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారని నేను చెప్పాను. "క్రోమోజోమంటే వంశమే కదండీ!" అన్నారాయన.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఈ మార్పు పుట్టుకతో వచ్చినది కాదు. ఎముక మూలుగలోని ఒకే ఒక మూలకణంలో, జీవితం మధ్యలో ఎప్పుడో రెండు క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకోవడం వల్ల బీసీఆర్, ఏబీఎల్ అనే జన్యువులు కలిసిపోయి, విభజన ఆపవద్దని కణాన్ని నిరంతరం తరిమే ప్రొటీన్ తయారవుతుంది. ఆ కణం సంతతి రక్తంలోనే ఉంటుంది తప్ప వీర్యకణాల్లోకి రాదు. ఈ రెండు వాక్యాలు తెలుగులో రాసి రిపోర్టుకు జతచేయడానికి ల్యాబుల వారికి ఏమి కష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌పై 1948 నాటికే పనిచేసి చూపిన అమినోప్టెరిన్ అనే మందు వెనుక ఉన్న శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది మన భీమవరంలోనే. అయినా ఈ గడ్డ మీద క్రోమోజోమ్ అనే మాట వింటే సంబంధాలు వెనక్కి పోతున్నాయి.

అంతలో కాకినాడలో చదువుతున్న పెళ్లికొడుకు తమ్ముడు, టెలోమియర్లు కురచైతే క్యాన్సర్ వస్తుందట, వదినకు ఆ పరీక్ష చేయిద్దాం అన్నాడు. టెలోమియర్ అంటే క్రోమోజోమ్ కొసన టీటీఏజీజీజీ అనే అక్షరాల వరుస వేలసార్లు తిరిగి వచ్చే భాగం. కొబ్బరి తాడు పురి విడిపోకుండా చివర వేసే ముడి లాంటిది. కణం విభజన చెందిన కొద్దీ అది తరుగుతుంది, మరీ తరిగితే కొసలు ఒకదానికొకటి అతుక్కుని, మళ్లీ తెగి, క్రోమోజోములు చిందరవందర అయ్యే మాట నిజమే. కానీ 9, 22 తెగేది టెలోమియర్ ఉండే కొసన కాదు, ఆ రెండు జన్యువుల లోపల. సీఎంఎల్ కణాల్లో టెలోమియర్లు కురచగా కనిపించేది ప్రధానంగా అవి అతిగా విభజన చెందినందువల్ల. అంటే అది జబ్బు ఫలితం. డిస్కెరటోసిస్ కంజెనిటా వంటి అరుదైన వంశపారంపర్య వ్యాధులున్న కుటుంబాల్లో మాత్రం టెలోమియర్ పొడవు కొలవడానికి అర్థముంది, అదీ వైద్యుడు చెబితేనే. మిగతావారికి ఆ పరీక్ష, దాని వెంట అమ్మే బిళ్లలు డబ్బు దండగ.

తాంబూలాలు ఆ పూటే మార్చుకున్నారు. అది నా వివరణ వల్లనో, కొబ్బరి తోట వల్లనో నేను విచారించలేదు.

మీ నాన్నగారి సంగతికి వస్తే, 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ వంటి మందులు ఆ తప్పుడు ప్రొటీన్‌నే అడ్డుకుంటాయి. 2013లో సుప్రీంకోర్టు ఇమాటినిబ్ బ్రాండైన గ్లివెక్‌కు పేటెంటును నిరాకరించాక మన దేశంలో చవక రకాలకు అడ్డంకి తొలగింది. ఒంట్లో బాగుందని మాత్రలు మానకుండా చూడండి. టెలోమియర్ పరీక్షకు పెట్టాలనుకున్న డబ్బును ఆయనకు మూడు నెలలకోసారి చేయవలసిన, ఆ కలిసిపోయిన జన్యువు రక్తంలో ఎంత మిగిలిందో కొలిచే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్షకు పెట్టి, ఆ అంకె 0.1 శాతం లోపుకు దిగిందో లేదో వైద్యుణ్ణి అడగండి.