మూడు రోజుల్లో బ్రోకెన్‌హిల్ చుట్టి రావచ్చా?

ప్రశ్న: అక్కా, సిడ్నీ వచ్చి ఆర్నెల్లయింది. అమ్మానాన్న మా దగ్గరికి వచ్చారు. నాన్నకు అవుట్‌బ్యాక్ (ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతం) చూడాలని ఉంది. లాంగ్ వీకెండ్ మూడు రోజుల్లో కారులో అక్కడి గనుల ఊరు బ్రోకెన్‌హిల్ వెళ్లి రావచ్చా?

వెళ్తావు, వస్తావు, ఊరు మాత్రం చూడలేవు తమ్ముడూ. ఒకవైపే దాదాపు 1,150 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లి మళ్లీ ఇంటికొచ్చినంత. కనీసం ఐదు రోజులు పెట్టుకో, దారిలో వచ్చే డబ్బోలోనో కోబార్‌లోనో రాత్రి ఆగు. పొద్దుగూకాక రోడ్డెక్కకు. కంగారూలు, ఈమూ పక్షులు సరిగ్గా ఆ వేళకే దారి మీదికొస్తాయి. "ఇంకో గంటేగా" అనుకుని మేం బంపర్ పోగొట్టుకున్నాం. అద్దె కారైతే, రాత్రిపూట జంతువు తగిలితే ఇన్సూరెన్స్ ఇస్తారో లేదో ముందే చదువుకో. కోబార్ నుంచి విల్కానియా దాకా 260 కిలోమీటర్లు, మధ్యలో ఊరన్నది లేదు. ట్యాంకు నిండా కొట్టించు, మంచినీళ్లు డిక్కీలో ఉండాలి.

ఊరు చేరాక గడియారం అరగంట వెనక్కి తిప్పుకో. సిడ్నీ ఉన్న రాష్ట్రమే అయినా అక్కడ నడిచేది అడిలైడ్ టైమ్.

1883లో చార్లెస్ రాస్ప్ అనే గొర్రెల ఫారం పనివాడు తగరం అనుకుని ఈ కొండను పట్టాడు. తీరా తవ్వితే వెండి, సీసం, జింకు. పెద్ద గనుల కంపెనీ బీహెచ్‌పీ పేరులో మొదటి రెండక్షరాలు ఈ ఊరివే. వీధుల పేర్లు ఆర్జెంట్, క్లోరైడ్, ఆక్సైడ్, సల్ఫైడ్. ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో నడుస్తున్నట్టుంటుంది! ఊరి మధ్య గని మట్టి దిబ్బ మీద చనిపోయిన కార్మికుల స్మారకం ఉంది. 800 మందికి పైగా పేర్లు, ఎలా పోయారో కూడా రాసి ఉంటుంది. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడిపోతుంది చూడు.

నాకు మాత్రం ఊరి ఉత్తరం కొసనున్న చిన్న రేకుల మసీదే ఇష్టం. ఒంటెలతో సరుకు మోసినవాళ్లు 19వ శతాబ్దం చివర్లో కట్టుకున్నారు. అందరినీ 'అఫ్గాన్లు' అనేవారు గానీ, అప్పటి మన దేశం నుంచి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. మనం సాఫ్ట్‌వేర్ వీసాల మీద దిగకముందే మనవైపు మనుషులు ఈ ఎడారిలో తిరిగారన్నమాట. అన్ని వేళలా తెరిచి ఉండదు, ముందే కనుక్కుని వెళ్లు.

సిల్వర్టన్ అనే పాత గనుల ఊరు 25 కిలోమీటర్లే, పూట చాలు. సాయంత్రం మాత్రం లివింగ్ డెజర్ట్‌కి ఉంచుకో. 1993లో చెక్కిన 12 ఇసుకరాతి శిల్పాలు గుట్ట మీద ఉంటాయి, సూర్యాస్తమయానికి ఎర్రబడతాయి.

వేసవిలో వద్దు, అక్కడి చలికాలం, జూన్ నుంచి ఆగస్టు, మేలు. రాత్రుళ్లు చలి, స్వెట్టర్లు పెట్టు. అమ్మానాన్న శాకాహారులైతే రైస్ కుక్కర్, పచ్చడి సీసా వెంట ఉంచు. అక్కడి నుంచి అడిలైడ్ వెళ్తే మాత్రం దారిలో ఊడ్లా విర్రా అనే ఊరి దగ్గర పళ్ల తనిఖీ ఉంటుంది. పళ్లన్నీ ఆలోపే తినేయండి.