ధ్యానంలో చెవిన పడే చప్పుళ్ళ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

ధ్యానం మొదలుపెట్టి నాలుగు నెలలైనా తలుపు దభాలున పడితే ఉలిక్కిపడుతున్నానని, పైగా మునుపటికంటే చిరాకు ఎక్కువైందని రాశావు. సాధన చెడిపోతోందని బెంగపడకు. మనసు కొంత సద్దుమణిగేసరికి, ఇంతకాలం ఆలోచనల రొదలో కలిసిపోయిన చప్పుళ్ళే విడివిడిగా వినబడతాయి. నాకూ ఈ దశ వచ్చింది.

ఉలికిపాటే పోవాలని మాత్రం ఆశించకు. హఠాత్తుగా పెద్ద శబ్దం వినబడితే సెకనులో పదో వంతు గడవకముందే కనురెప్పలు వాలిపోతాయి. దానికి మన అనుమతితో నిమిత్తం లేదు. సాధన పనిచేసేది ఆ తరువాతి క్షణాల మీద. 1966లో జపాన్‌లో కసమత్సు, హిరాయ్ అనే పరిశోధకులు ఒకే చప్పుడును పదేపదే వినిపించి మెదడు తరంగాలను నమోదు చేసినప్పుడు, సాధన లేనివారి మెదడు క్రమంగా దానిని పట్టించుకోవడం మానేసిందనీ, జెన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయపు గురువుల మెదడు మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టు స్పందించి వెంటనే నెమ్మదించిందనీ గమనించారు. 1961లో భారతదేశంలో యోగులను పరీక్షించినవారికి సమాధి స్థితిలో స్పందనే కనబడలేదు. 1981 నాటి మరో పరిశోధనలో ఈ తేడాలేవీ తేలలేదు కనుక వీటిని ప్రమాణంగా పట్టుకోమనను. అయినా నా అనుభవం జెన్ గురువుల పక్షానే ఉంది.

ఒకనాడు నేను కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా పిల్లవాడి చేతిలోంచి పళ్ళెం జారి నేలమీద గింగిరాలు తిరిగింది. ఆ చప్పుడు ఆరేడు క్షణాల్లో ఆగింది. వాణ్ణి కసిరి, ఆపై నాలో నేను వేసుకున్న వాదన మాత్రం పూటంతా సాగింది.

అందుచేత చప్పుడైన మరుక్షణం భుజాలు పైకి లేచాయా, దవడ బిగిసిందా, ఊపిరి ఎక్కడ ఆగింది అని చూసుకో. ఆగిన ఊపిరిని పూర్తిగా విడిచి, "ఎవరది, బుద్ధి లేదా" అంటూ లోపల లేచే మాటను లేస్తుండగానే గమనించు. అన్నిటికంటే కష్టమైనవి పక్కగదిలోని మాటలు, ఎందుకంటే అర్థం మనసును లాక్కుపోతుంది. అప్పుడు గొంతుల హెచ్చుతగ్గులను మాత్రమే విను.

నీ ధ్యానం కోసం ఇంటిల్లిపాదినీ నోరు మూసుకోమనడం నాకు నచ్చని పద్ధతి. అలాగని చెవులు హోరెత్తించే యంత్రాల రొదలో పంతానికి కూర్చోకు, లేచి వేరే గదికి వెళ్ళు. వినికిడి దెబ్బతినేంత శబ్దాన్ని ఓర్చుకోవడం సాధన కాదు.

ఈసారి ఉత్తరంలో ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డావో కాక, ఆ చిరాకు ఎంతసేపు నిలిచిందో రాయి.

ఇట్లు,
నీ పెదనాన్న