అన్సిబుల్ రెండు సర్వర్ల దగ్గరే ఆగిపోతుంటే
అన్సిబుల్‌తో (చాలా సర్వర్లను ఒకేచోటి నుంచి నడిపించే టూల్) 40 సర్వర్ల ఐపీ, ఓఎస్ వెర్షన్ జాబితా తీస్తుంటే రెండు మాత్రం ‘గ్యాదరింగ్ ఫ్యాక్ట్స్’ (సర్వర్ వివరాలు సేకరించే దశ) దగ్గరే ఆగిపోతున్నాయన్నారు కదండీ. ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే మార్గం) బాగానే కలుస్తోందంటే నా మొదటి అనుమానం ఎన్ఎఫ్ఎస్ మౌంట్ మీదే, అంటే నెట్‌వర్క్ మీదుగా తగిలించుకున్న వేరే సర్వర్ ఫోల్డర్ మీదే. అవతలి స్టోరేజ్ సర్వర్ పడిపోతే, ఆ మౌంట్ సైజు అడిగిన ప్రాసెస్ జవాబు రాక అలాగే వేలాడుతుంది. వివరాలు సేకరించే అన్సిబుల్ సెటప్ మాడ్యూల్ అడిగేది ఆ సైజే. ఆ మెషీన్‌లోకి లాగిన్ అయి డిస్క్ వాడకం చూపే డీఎఫ్ (df) కమాండ్ కొట్టండి. అదీ కదలకపోతే దొంగ దొరికినట్టే, ఆ మౌంట్ తీసేయించండి.

ఈలోగా పని ఆగకూడదు కాబట్టి, అన్సిబుల్‌కు పనులు రాసిచ్చే ఫైల్ అయిన ప్లేబుక్‌లో గ్యాదర్ సబ్‌సెట్ (gather_subset, ఏ వివరాలు సేకరించాలో చెప్పే సెట్టింగ్) కింద, హార్డ్‌వేర్ అనే పదానికి ముందు ఆశ్చర్యార్థకం పెట్టి, '!hardware' అని రాయండి. కొటేషన్లు తప్పనిసరి, లేకపోతే యామల్ (ప్లేబుక్ రాసే ఫార్మాట్) దాన్ని ట్యాగ్ అనుకుంటుంది. మెమరీ, మౌంట్ల వివరాలు రావు గానీ మీకు కావాల్సినవి రెండూ వస్తాయి.