నాన్న గడియారం తెచ్చుకునే ముందు

చిరంజీవి చిన్నాకు,

అత్తయ్య ఆశీస్సులు. పూర్ణా మార్కెట్ దగ్గర గడియారాల దుకాణం నుంచి ఫోను వచ్చిన సంగతి మీ ఆవిడ చెప్పింది. దుకాణం ఖాళీ చేస్తూ పాత పుస్తకం తిరగేస్తే మీ నాన్న రిపేరుకు ఇచ్చిన వాచీ బయటపడిందట. నువ్వు ఆ పూట అన్నం ముట్టలేదట, అక్కడికి వెళ్ళడానికి కాళ్ళు ఆడటం లేదట.

తద్దినానికైతే మనసు ముందే సిద్ధపడుతుంది, తిథి తెలుసు కాబట్టి. ఇలాంటివి చెప్పాపెట్టకుండా వస్తాయి. మీ మామయ్య పోయిన ఏడాదికి, పుస్తకం తిరిగి ఇవ్వమని ఆయన పేరునే గ్రంథాలయం నుంచి కార్డు వచ్చింది. దాన్ని పట్టుకుని వీధి గుమ్మంలోనే కూలబడ్డాను. కాబట్టి నీకేదో అయిందని కంగారుపడకు. కానీ ఆలస్యం చేయకు. దుకాణం మారిపోతే ఆ వాచీ ఏ డబ్బాలో కలిసిపోతుందో ఎవరికి తెలుసు?

ముందు మీ అమ్మకు చెప్పు. ఫోటో పంపి కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు. దుకాణానికి మాత్రం నువ్వొక్కడివే వెళ్ళు.

వెళ్ళగానే వాచీ అడగకు, పుస్తకం చూపించమను. ఏ తేదీన ఇచ్చాడో, ఏం తేడా ఉందని చెప్పాడో అందులో రాసి ఉంటుంది. మళ్ళీ వచ్చి తీసుకుంటానన్న ధీమాతో ఇచ్చి వెళ్ళాడు కదా, ఆ తేదీ చూస్తే గుండె పిండినట్టవుతుంది. అయినా చూడు. ఆ పేజీ ఫోటో తీసుకుని వాచీ పెట్టెలో ఒక ప్రింటు ఉంచు. రేపు నీ కూతురు అడిగితే చూపించడానికి ఉంటుంది.

హెచ్.ఎం.టి. జనతా అది, రోజూ కీ ఇవ్వాల్సిన రకం. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైన ఆ వాచీల తయారీ ఆగిపోయింది, 2016లో కేంద్రం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు నిర్ణయం తీసుకుంది. ఇప్పుడు సామాను కావాలంటే చాలాసార్లు మరో పాత వాచీ విప్పాల్సిందే. అందుకని లోపల ఏం మార్చాడో దుకాణదారును అడుగు, తీసేసిన ముక్కలుంటే అవీ తెచ్చుకో. డయల్ పసుపెక్కింది, కొత్త రంగు వేయిస్తానంటే వద్దను. కేసుకు పాలిష్ కూడా వద్దు. ఆ గీతల్లో సగం షిప్‌యార్డులో పడినవే. అద్దం పగిలి ఉంటే మాత్రం మార్పించు, దుమ్ము లోపలికి పోకూడదు.

ఇంటికి తెచ్చాక దేవుడి గదిలో ఫోటో పక్కన పెడతావేమో, అదొక్కటీ చేయకు. నెలల తరబడి తిరగకపోతే లోపలి నూనె గట్టిపడుతుంది. కట్టుకో. పోయినవారి గడియారం కట్టకూడదని ఎవరైనా పెద్దలు అంటే, నేనూ పెద్దదాన్నే, కట్టుకోమని నేను చెబుతున్నాను. మీ మామయ్య వాచీ ఇప్పటికీ నా చేతికే ఉంది.

కీ ఇచ్చేటప్పుడు చేతి నుంచి తీసి ఇవ్వు. కట్టుకునే తిప్పితే కీ పుల్ల వంకర మీద లాగుతుంది. రోజూ ఒకే వేళకు ఇవ్వు. వేలికి బిగువు తగలగానే ఆపు, ఇంకొక్క చుట్టు అని ఆశపడకు. మీ నాన్న ఉదయం 6.45 ప్రాంతీయ వార్తలు పెట్టి, అవి అయ్యేలోగా కీ ఇచ్చేవాడు. మన ఊరి ఉప్పుగాలి సంగతి నీకు తెలుసు, కిటికీ ఊచలే మిగలవు. చెమటపట్టిన రోజు వాచీ వెనక్కి తిప్పి పొడి నూలుగుడ్డతో తుడువు, రాత్రి పెట్టెలో సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టు. స్పీకర్ల దగ్గర పెట్టకు. అయస్కాంతం సోకితే వేగంగా పరుగెడుతుంది. బీచ్‌కు వెళ్ళేటప్పుడు తీసేయ్. రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే సణగకు, దాని వయసుకు అది ఎక్కువేం కాదు.

మీ నాన్న దాన్ని ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకునేవాడు, సైరన్ కంటే ముందు గేటు దగ్గర ఉండాలని. నీకు ఆ అవసరం లేదు, సరైన టైమే పెట్టుకో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చిపడి ఉన్నాయి. టైమెంతని వీధిలో ఎవరడిగినా మీ నాన్న ఐదు నిమిషాలు తగ్గించి చెప్పేవాడు. తప్పు లెక్క ఒక్కసారీ చెప్పలేదు. ఆ వారం ఆయన దర్జా చూడాల్సిందే!

డబ్బు దగ్గర బేరమాడకు. ఇన్నాళ్ళూ పారేయకుండా దాచాడు, అడిగినంత ఇచ్చేయ్. అయితే మీ నాన్న అడ్వాన్సు ఇచ్చి ఉంటే పుస్తకంలో రాసే ఉంటుంది. అది మాత్రం మినహాయించమని అడుగు. అక్కడ మొహమాటపడితే మా తమ్ముడు ఊరుకోడు.

మీ
అత్తయ్య