బావగారి హెరాల్డ్‌ను నువ్వే బాగుచేసుకుంటానన్నావట

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. కాలం చేసిన మీ నాన్న, అదే మా బావగారి కారు స్టాండర్డ్ హెరాల్డ్‌ను అమ్మకుండా ఇంట్లోనే బాగుచేసుకుంటానన్నావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఆ బండి తయారైంది మన చెన్నై పక్కనే, వండలూరు ఫ్యాక్టరీలో. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌నే 1961 నుంచి ఇక్కడ స్టాండర్డ్ పేరుతో చేశారు. అందుకే ఇక్కడ దొరకని సామాను చాలావరకు ఆ దేశంలో ఇప్పటికీ దొరుకుతుంది. స్పేర్ల గురించి టెన్షన్ పెట్టుకోకు.

ఏళ్ళ తరబడి షెడ్డులో ఉన్న బండి చేతికి రాగానే ముందు స్టార్ట్ చేసి చూడాలనిపిస్తుంది, ఆ వెంటనే పెయింట్ మీదికి మనసు పోతుంది. నువ్వు ఈ రెండూ వెనక్కి నెట్టు. ముందు బండి ఆగాలి, చక్రాలు గట్టిగా నిలబడాలి. నడవడం ఆ తర్వాత. మెరవడం అన్నిటికన్నా ఆఖరు.

కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ మాత్రం కొట్టకు. పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్‌కి పట్టుకుని ఉంటే అక్కడికక్కడే విరుగుతాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి, రెండు రోజులు అలా వదిలెయ్. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో నెమ్మదిగా తిప్పు. తిరక్కపోతే బలం చూపించకు, మళ్ళీ ఆయిల్ పోసి ఆగు. ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు ఈపాటికి వార్నిష్ వాసన కొడుతూ ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసెయ్. ట్యాంకుకు చిల్లు పడి ఉంటే వెల్డింగ్ మాట ఎత్తకు. నిండు ట్యాంకు కంటే ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. దాన్ని శుభ్రం చేసి అతకడం తెలిసినవాళ్ళకే ఇవ్వు.

బ్రేకుల దగ్గర పైసా కూడా మిగుల్చుకోకు. ఆ కాలపు హెరాల్డ్‌లో బ్రేక్ ఆయిల్‌కి ఒకటే లైను. ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. మాస్టర్ సిలిండర్‌కీ వీల్ సిలిండర్లకీ కొత్త కిట్లు వెయ్యి. లోపలి గోడ మీద గోరు పెట్టి లాగి చూడు. గోరుకి గుంటలు తగిలితే కిట్టు వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి. రబ్బరు హోసులు పైకి బాగున్నా లోపల ఉబ్బి మూసుకుపోతాయి, అవీ మార్చెయ్. పాత లైనింగుల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడువు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఇది తెలియని మెకానిక్కులు చాలామంది ఉన్నారు. ముందు చక్రాల దగ్గర కింది వైపు ట్రనియన్ అని ఇత్తడి రంగు కంచు ముక్క ఉంటుంది. నిలువుగా ఉండే ఉక్కు లింకు మరలాగా అందులోకి దిగి ఉంటుంది. నువ్వు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర తిరుగుతుంది. దానికి పొయ్యాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్. గ్రీజు అడుగుదాకా దిగదు, పైనే గట్టిపడి దారి మూసేస్తుంది. లోపల నీళ్ళు చేరి ఉక్కును తింటాయి. పైకి ఏమీ కనబడదు. ఒకరోజు బండి పార్క్ చేస్తూ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లింకు పుటుక్కున విరిగి చక్రం పక్కకి పడుకుంటుంది. అదే రోడ్డు మీద స్పీడులో జరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అందుకని రెండు వైపులా విప్పి, లింకు మర దగ్గర తుప్పు గుంటలుంటే పారేసి కొత్తది వెయ్యి. ఎడమ, కుడి మరలు ఒకదానికొకటి వ్యతిరేకం, కలిసిపోకుండా విడివిడి డబ్బాల్లో పెట్టుకో. గ్రీజు గన్నుతో వచ్చే ప్రతివాడినీ ఆ నిప్పుల్ దగ్గర ఆపి, నువ్వు దగ్గరుండి ఆయిల్ ఎక్కించు.

బండి కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకు. హాలో బ్లాకులూ ఇటుకలూ పెట్టకు, అవి చెప్పకుండా పగులుతాయి. మంచి స్టాండ్లు కొనుక్కో.

హెరాల్డ్ బాడీ అంతా బోల్టులతో చాసిస్ మీద కూర్చుని ఉంటుంది. ఇంట్లో పనిచేసుకునేవాడికి అదో వరం. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది, టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. అలాగని సరదాకొద్దీ అంతా విప్పి పరిచెయ్యకు. అలా విప్పిన బళ్ళు గోనెసంచుల్లోనే ఉండిపోవడం ఎన్నో చూశాను. ఒక చోటు విప్పు, ఫోటో తియ్యి, బాగుచెయ్యి, బిగించు, ఆ తర్వాతే ఇంకో చోటు. మీ తిరువాన్మియూర్ సముద్రపు గాలికి చాసిస్ పక్కలకి చేతుల్లా చాచుకుని బాడీని మోసే ఇనుప ముక్కల్ని తుప్పు లోపల్నించి తినేసి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. బాడీ ఎత్తాల్సి వస్తే ముందే తలుపుల ఖాళీల్లో ఇనుప బద్దీలు అతికించు, లేకపోతే తర్వాత తలుపులు పడవు. టింకరింగువాడు తుప్పు మీదే పుట్టీ మెత్తుతానంటే ఒప్పుకోకు, కోసి కొత్త రేకు అతకమను. డ్యూకో అనే పాతకాలపు లాకర్ పెయింటైతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వేయించకు. ఆ వానల తేమకి తెల్లగా పాలిపోతుంది. కప్పడానికి ప్లాస్టిక్ కవరు వద్దు, నూలు గుడ్డ మంచిది.

పెట్రోలు విషయం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు హోసులనీ పంపు డయాఫ్రమ్‌నీ అది పాడుచేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునేవి అడిగి వేయించు, బండి నెలల తరబడి నిలిచేటప్పుడు ట్యాంకు ఖాళీ చెయ్. పాత ఇంజన్లలో వాల్వు వచ్చి కూర్చునే చోటు, అంటే వాల్వ్ సీటు, అరిగిపోకుండా కాపాడింది సీసం కలిపిన పెట్రోలే. అది దేశమంతటా 2000లో ఆగిపోయింది. దాని కోసం ఇప్పుడే హెడ్డు విప్పక్కర్లేదు. ట్యాపెట్ గ్యాపు సరిచేసిన కొద్దీ తగ్గిపోతుంటే అప్పుడు గట్టి వాల్వ్ సీట్లు వేయించు.

వైరింగ్ ఎలుకలు కొరికే ఉంటుంది, ఫ్యూజులు ఎలాగూ తక్కువ. బ్యాటరీ దగ్గర కటాఫ్ స్విచ్ ఒకటి పెట్టించు. బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో, అంటే ఏది ఎర్తింగో, చూశాకే తగిలించు. ఆ కాలంలో పాజిటివ్ ఎర్త్ బళ్ళు కూడా ఉండేవి.

పాత బళ్ళ సామాను అమ్మే పుదుప్పేటకి వెళ్ళేటప్పుడు పాత ముక్క చేతిలో పట్టుకెళ్ళు, పేరు చెప్తే దొరకదు. మారుతి ఇంజన్ వేసుకోమని అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. వద్దు. అది బావగారి బండి, ఆయన విన్న ఇంజన్ చప్పుడే అందులో వినబడాలి. రూలు కూడా అదే చెబుతుంది. 2021 నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా ఉంటేనే వింటేజ్‌గా నమోదు చేస్తారు. కాకపోతే అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ తిప్పడానికి ఒప్పుకోరు. అక్కని అందులో కపాలీశ్వర గుడికి తీసుకెళ్ళాలనుకుంటున్నావు కదా, మామూలు రిజిస్ట్రేషన్‌నే 5 ఏళ్ళకోసారి రెన్యూ చేయించుకోవడం నయమని నా అభిప్రాయం. దానికి ముందు బండి నీ పేరుకి మారాలి. వారసులకి ఫారం 31 ఉంటుంది, మరణించిన 3 నెలల్లోగా పెట్టాలి. ఆ గడువు దగ్గర పడుతోంది కాబట్టి ఈ వారమే ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళు. వెళ్ళేముందు ఇంజన్ నంబరూ చాసిస్ నంబరూ శుభ్రంగా తుడిచి, ఆర్సీ పుస్తకంలో ఉన్నవాటితో కలిశాయో లేదో చూసి, ఫోటోలు నాకు కూడా పంపు.

మీ మామయ్య,
వెస్ట్ మాంబళం