ఎర్రబడ్డ చోట రుద్దకు తల్లీ

అమ్మాయీ,

మసాజ్ చేస్తే బెడ్‌సోర్, అంటే మంచం పట్టినవాళ్లకి ఒత్తిడి వల్ల పడే పుండు, త్వరగా మానుతుందా అని అడిగావు. పుండు మీద గానీ, ఎర్రబడ్డ చోట గానీ, ఎముక పొడుచుకొచ్చే చోట గానీ వద్దే వద్దు. నేను కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు వీపుకి స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి గట్టిగా రుద్దమనేవాళ్లు. రక్తం ఆడుతుందని నమ్మి నేనూ ఏళ్ల తరబడి రుద్దాను. అది తప్పని తర్వాత తెలిసింది. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగి, రక్తం అందక అప్పటికే దెబ్బతిన్న కండ అది. రుద్దితే లోపల ఇంకా చితుకుతుంది.

అలాగని చేతులకి పని లేదనుకోకు. ఎర్రబడ్డ చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే రక్తం ఆడుతున్నట్టే. అదే ఎరుపు కదలకుండా ఉంటే, చర్మం చిట్లకపోయినా గాయం మొదలైందని అర్థం. ఆ వైపు ఇక పడుకోబెట్టకు. నల్లటి ఒంటి మీద ఎరుపు కంటికి ఆనదు. అరచెయ్యి ఆనించి చూడు, పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో మెత్తగానో తగులుతుంది.

అసలు వైద్యం ఒత్తిడి తియ్యడమే. మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, చర్మం తట్టుకోకపోతే ఇంకా ముందే. పూర్తిగా పక్కకి తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చు చాలు. పైకి జరపాలంటే చంకల కింద చేతులేసి ఈడ్చొద్దు, ఇద్దరు కలిసి డ్రా షీట్ (నడుం కింద అడ్డంగా పరిచే దుప్పటి) పట్టి ఎత్తండి. ఆ ఈడ్పుకే లోపలి పొరలు చిరుగుతాయి. పిక్కల కింద పొడుగునా దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచు. మధ్యలో బొక్క ఉండే గాలి రింగు దిండు మాత్రం వాడకు, దాని అంచే చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది.

కీళ్లు బిగుసుకోకుండా మెల్లగా ఆడించు, మడమ పరుపుకి రాసుకోకుండా. పిక్క వాచి నొప్పిగా ఉంటే ముట్టుకోకు, ముందు డాక్టరుకి చెప్పు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పుండు శుభ్రం చెయ్యడం, డ్రెస్సింగ్, మాంసకృత్తులున్న తిండి ఎలాగూ తప్పవు.

రేపు ఒళ్లు తుడిచేటప్పుడు ముందు మేజోళ్లు తీసి మడమలు చూడు. అందరం మర్చిపోయేది అక్కడే.